పీరు గుంజిన సందు

గా డప్పుల సప్పుడు ఇనవడుతుందా నీలా? పీర్ల పండుగ గదా, పీర్లు లేశినట్టున్నయి. కిటికీ తెరువు బిడ్డా, ఊదు వాసన రానియ్యి. మోకాళ్ళు సక్కగుంటె నేనూ పోదును గని... కూసో, పాషన్న ముచ్చట చెప్త. మన గల్లీలనే ఉండెటోడు, సచ్చిపోయి శానేండ్లాయె. సైకిల్ పంచర్లు ఏసుకుంట బతికెటోడు, బక్క మనిషి. గని పెద్ద పీరును ఆయనే ఎత్తాలె. పీరంటె పాషన్న ఒక్కనిదా మరి? పీరుకు కట్టె దట్టీలు మా సాలె మగ్గాల మీద నేసిన గుడ్డ, డప్పు మాదిగోళ్ళది, ఎండుకొబ్బరి కుడుకలు ఊరందరియి. పీరు వాకిట్లకస్తె ఇంటామె ఎత్తినోని కాళ్ళ మీద నీళ్ళు వొయ్యాలె, గాయన ఆమె నొసటికి ఊదు పెట్టాలె. పీరు పోని ఇల్లు ఊర్ల ఉండకపోయేది. ఇగ ఎత్తినోడు ఎటు పోతడన్నది ఆయన చేతుల ఉండదంటరు. పీరే గుంజుతదట.

గా కాలం ఎసొంటిదనుకున్నవ్! అటు నక్సలైటు అన్నలు, ఇటు పోలీసులు. సాయవ్వ కొడుకు దశరథం అన్నల సంఘంల తిరిగిండు, పోలీసులు అడివిల సంపిండ్రు. పీనుగను మోసెటందుకు నలుగురు దొరకలే. ఎవలన్న ఆమె ఇంటికి పోతె తెల్లారి పోలీసు జీబు అచ్చేది. ఇగ ఎవ్వలు పోలే. సాయవ్వ బోరింగుకాడికస్తె అందరు బిందెలు తీసుకొని పక్కకు జరిగేది. గా తల్లికి కడుపుల ఎంత కాలిందో, ఏం చెప్పాలె.

గా ఏడాది పీర్లకు పర్మిషన్ ఇచ్చిండ్రు గని, ఎస్సై పిలిచి చెప్పిండు, ఆయనది ఆంధ్ర మాట, "ఆ సందులోకి వెళ్ళారో, ఒక్కొక్కడినీ లోపలేస్తా!" సందంటె సాయవ్వోళ్ళదే. "అచ్చా సాబ్" అన్నడు పాషన్న. పగటీలి బయలెల్లినం. మలుపుకాడ పోలీసులు నిలవడ్డరు. పాషన్న ఆడ ఆగిండు, ఒణికిండు, జర్రున సందులకు తిరిగిండు. డప్పులోళ్ళు బిత్తరపోయిండ్రు గని డప్పు ఆపలే. ఎనుక ఊరు ఊరంత. సాయవ్వ పీరును సూసి గడపల కూలవడ్డది. "నా ఇంటికి అచ్చినవా తండ్రీ" అనుకుంట నీళ్ళు కుమ్మరిచ్చి, పాషన్న పాదాలు ఇడిశిపెట్టలే. "లే అక్కా, లే" అనుకుంట ఆయన సుత ఏడ్సిండు.

మాపటికి పోలీసులు పాషన్నను తీసుకపోయిండ్రు. ఎంత అడిగినా ఒక్కటే మాటనట, "మై క్యా కరూఁ సాబ్, నేనేం జెయ్యాలె? పీరు గుంజింది. పీరునే అడుగుండ్రి." కుడి చెయ్యి ఇరిగి అచ్చిండు. అది వంకరనే అతికింది. ఇగ ఎత్తుడు కాలే. మరుసటేడాది నాతోని, "రాజలింగం, నువ్వే ఎత్తాలె" అన్నడు. "పాషన్నా, నిజం చెప్పు. పీరు గుంజిందా, నువ్వే పోయినవా?" అన్న. "ఎత్తు. నీకే తెలుస్తది" అన్నడు.

ఎత్తిన. ఎస్సై కొత్తోడు, మాట పాతదే. మలుపుకాడికి పోయిన, ఆగిన, కండ్లు మూసుకున్న. ఇగ గుంజుతది, ఇగ గుంజుతదని సూసిన బిడ్డా. గుంజలే. నా చేతుల గట్లనే నిలవడ్డది. కండ్లు తెరిస్తె గీ దిక్కు పోలీసులు, గా దిక్కు గడపల చెంబు పట్టుకొని సాయవ్వ. పాషన్న వంకర చెయ్యి దగ్గరికి పట్టుకొని నా పక్కనే ఉన్నడు. నా మొకం సూస్తలేడు. నా కాళ్ళ దిక్కు సూస్తున్నడు.

...సల్లగుండె బిడ్డా, సాయవ్వ వోసిన నీళ్ళు.