భీవండి గుర్తు

సిరిసిల్లలో నేత సంఘం ఆఫీసు ఎదుట వెంకటవ్వ చాయ్ కొట్టు. అక్కడ జనార్దన్ నోరు తెరిచాడంటే వినేవాళ్ల చాయ్ చల్లారిపోవాల్సిందే. సంఘంలో కంప్యూటర్ చూసేది అతనే. పాత ప్రోగ్రాంలో ఉన్నదంతా కొత్తదాంట్లోకి మార్చినప్పటి నుంచి మనిషి కాళ్లు నేల మీద ఆనడం లేదు.

బెంచీ చివర బాలకిషన్ కూర్చున్నాడు. మహారాష్ట్రలోని భీవండిలో మిల్లు మూతపడి మొన్ననే ఊరికొచ్చాడు. ఇక్కడ సర్కారు చీరెల పని వచ్చింది, సంఘంలో పేరున్నవాళ్లకు సాంచె అనే మరమగ్గానికి ఎక్కించే నూలు బీములు ఇస్తున్నారు. పొద్దున కౌంటర్ దగ్గరికి పోతే, "నీ పేరు లేదు. కొత్త పేర్లు ఎక్కియ్యం. పాత కంప్యూటర్ల ఉన్నదని జనార్దన్ చూపెడ్తెనే ఎక్కిస్తం" అన్నారు. రేపటితో బీములు అయిపోతాయి. బీము దొరక్కపోతే మళ్లీ రైలెక్కాలి. బీడీలు చుట్టి చుట్టి వేళ్లు వంగిపోయిన భార్య స్వప్న, ఈసారి పోనియ్యనని గడపలో అడ్డం కూర్చుంది. జనార్దన్ ఎప్పుడు ఆపుతాడా, ఎప్పుడు అడుగుదామా అని బాలకిషన్ కాచుకున్నాడు.

"హైదరాబాద్ కెల్లి ఇంజినీర్లు అచ్చిండ్రు. పాత ప్రోగ్రాం సూసి, గిది మాతోని గాదన్నరు. నేనొక్కన్నే కూసున్న. వారంల మార్చిన."

"వారమేనా?" అన్నాడు ఆటో సామేలు.

"అసలు కథ ఇను. సగం మార్చంగనే పాత మిషన్ల కెల్లి పొగ లేచింది. ఇంజినీర్లు బయటికురికిండ్రు. నేనేం జేసిన్నో ఎర్కేనా? పొగల తలకాయ పెట్టి, తెర మీద పేర్లు కరిగిపోతుంటె ఒక్కొక్కటి సదువుకుంట పోయిన. మిషన్ ఆగేటాళ్లకు సంఘం మొత్తం నా తలకాయల ఉంది."

"పట్టిందా అంత?" వెంకటవ్వ చాయ్ వడపోస్తూ అడిగింది.

"పట్టకేం. పేర్లు చెవులకెల్లి జారుతయేమోనని తల పక్కకు తిప్పలే, కూసుండే నిద్రవోయిన. గప్పుడేమైందో ఎర్కేనా? కొత్త ప్రోగ్రాం ముంగట కండ్లు మూసుకోని కొడుతుంటె, గా సప్పుడుకు ఊళ్లె సాంచెలన్నీ నా తాళం పట్టినయ్. తంగళ్ళపల్లి దాక. కరెంటు లేదు మల్ల. నేసెటోళ్లు చేతులు కట్టుకోని నిలవడ్డరు, బట్ట దానంతటదే దిగింది. ఢిల్లీ కెల్లి ఫోను, దేశం లెక్కంత నీ తలకాయల పెట్టుకుంటవా అని. సిరిసిల్లోళ్లకే జాగ సాలలేదు, మీదెక్కడ పెట్టుకోవాలె అన్న."

అందరూ నవ్వారు. నవ్వకపోతే పని చెయ్యడేమోనని బాలకిషన్ కూడా నవ్వాడు.

"మరి పేర్లేం తప్పిపోలేదా?" అన్నాడు సామేలు.

"ఒక్కటి తప్పలే. పైంగ సాఫ్ జేసిన. సచ్చిపోయిన ముసలి గుమాస్తా లేడా, కొన్ని పేర్ల ముంగట చుక్క గుర్తు పెట్టిండు. గా ప్రోగ్రాంల చుక్క పెడితె తీసేసినట్టు. సచ్చినోళ్లన్నట్టు. పూర్తిగ తీసుడు రాక ఇడిసిపెట్టిండు పాపం. గా దయ్యాలను మొత్తం ఊడ్చేసిన. మల్ల లేవకుంట పాత మిషన్ను సుత్తెతోని పలగ్గొట్టిచ్చి పాత ఇనుప సామానోనికేసిన."

బాలకిషన్ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ చుక్క అతనికి తెలుసు. భీవండి పోయే ప్రతివాడూ రైలెక్కే ముందు గుమాస్తా దగ్గరికి పోయి చెప్పి పోయేవాడు. ఊళ్లో లేనివాళ్లను రాసుకోవడానికి ఆ ప్రోగ్రాంలో వేరే జాగా లేదు. ముసలాయన పేరు ముందు చుక్క పెట్టి, "గుర్తు వెట్టిన. అచ్చినంక తీస్త, పోయి రా" అనేవాడు. ఆ మాట నమ్ముకునే బాలకిషన్ ఇన్నాళ్లూ పరాయి ఊరిలో ఉన్నాడు. బతిమాలుకుందామని వచ్చినవాడికి కడుపు మండిపోయింది.

"జనార్దనన్నా, ఉన్నోళ్ల పేర్లన్నీ నీ తలకాయల ఉన్నట్టేనా?"

"ఉన్నయ్. ఎవ్వనిదన్న అడుగు."

"అయితె నా పేరు చెప్పు."

జనార్దన్ అతని ముఖం చూశాడు, అంగీ చూశాడు. సాయం కోసం వెంకటవ్వ వైపు చూశాడు. ఆమె తల వంచుకుని గ్లాసులు కడుగుతోంది.

"నువ్వు... ఎవ్వల సాంచెల మీద జేస్తవ్?"

"గా చుక్క సచ్చినోళ్లది కాదన్నా. భీవండి పోయినోళ్లది. నా ముంగట్నే పెట్టిండు తాత."

"గట్లని నాకెవ్వలు చెప్పలే."

"నువ్వెవ్వల్నడిగినవ్?"

సామేలు చాయ్ పక్కన పెట్టి, "మా బావ ఇంక అక్కన్నే ఉన్నడు" అన్నాడు మెల్లగా.

బాలకిషన్ లేచి జనార్దన్ ముందుకొచ్చి నిలబడ్డాడు. కోపం అప్పటికే పోయింది. గొంతులో బతిమాలడమే మిగిలింది.

"అన్నా, పొగ కోత, సాంచెలు కోత, ఢిల్లీ ఫోను కోత. కోతలు కోసినవని నేనేమనుకోను. పాత మిషన్ను పలగ్గొట్టినవన్నది గూడ కోతే గదా? ఎక్కన్నో ఓ మూలకు ఉన్నదని చెప్పు."



"గదొక్కటి నిజమే తమ్మీ" అన్నాడు జనార్దన్.