ఎర్రలైటు

చంద్రగిరిలో దేవేంద్ర సారు ఇంటి ముందున్న, ఒక పక్క నలిగిన పాత ఫియట్ కారు మీద ఏడాదిగా కప్పి ఉంచిన పట్టా ఆ ఉదయం తీశారు. కొత్త బ్యాటరీ పెట్టి, ఇంజను స్టార్ట్ చేసి సారు స్టీరింగు ముందు కూర్చున్నాడు. కార్ల ఎలక్ట్రీషియన్ జియావుల్లా బానెట్టు ఎత్తి లోపలికి వంగి ఉన్నాడు.

"మీటరు పక్కన ఎర్రలైటు వెలగతా ఉండాదా సార్?"

"లేదు."

"ఇంకొంచెం రేస్ ఇవ్వండి. ఇప్పుడు?"

"ఆరే ఉండాది."

"ఆరిందంటే డైనమో బ్యాటరీకి ఛార్జింగు ఇస్తా ఉన్నట్టే సార్. పొద్దుట్నుంచి ఇదే చెప్తా ఉండా."

"మళ్ళీ మొదట్నుంచి చూడు."

"బెల్టు చూసినా. బ్రష్షులు చూసినా. ప్రతి తీగా పట్టి లాగి చూసినా. అన్నీ బాగుండాయి."

"బాగుంటే ఆ పొద్దు లైట్లు యాల వెలగలేదు? చెప్పు జియా. ముందురోజు డైనమో విప్పి బిగించింది నువ్వే గదా?"

"నేనే సార్. బాగుండింది."

"బిడ్డ ఈ బండిలోనే ఏర్పేడు నుంచి వస్తా ఉంది. మసక చీకటి. నిలబడిన లారీని గుద్దుకునింది. కారుకు లైట్లు లేవని చూసినోళ్ళంతా చెప్పినారు. పోలీసు స్టేషన్లో ఏమన్నారు? లైట్లు వెయ్యకుండా నడిపిందన్నారు."

"వాళ్ళు అంటారు సార్."

"తేజస్విని మర్చిపోయే పిల్ల కాదు. వీధి చివరికి పోయి ఫోను చేసి, గ్యాసు కట్టేసినావా అమ్మా అని అడిగే పిల్ల."

"నాకు తెలీదా సార్? నా షాపుకొస్తే, ఫ్యాను ఊరికే తిరగతా ఉంది జియాన్నా అని నన్నే తిట్టేది."

"మరి? ఛార్జింగు ఆగిపోయింటాది. బ్యాటరీ దిగిపోయి లైట్లు ఆరిపోయింటాయి. తప్పు బండిది. అది నాకు చూపించు, చాలు."

"ఉంటేనే గదా సార్ చూపించేది?"

"సరిగ్గా చూస్తే ఉంటాది!"

"మెల్లగా సార్. అమ్మ లోపలుండారు."

"నేనేం అరవలేదు."

"ఏమండీ! కాఫీ పెట్టినా. వచ్చి తీసకపోండి."

"ఈడికే తీసుకురా కాంతా."

"నేను ఆ బండి తావకి రాను."

"...ఇంజను ఆపేస్తా ఉండా జియా. నేను వచ్చినాక మళ్ళీ మొదట్నుంచి."

"పోయిరండి సార్. నిదానంగా రండి."

"ఇదో, కాఫీ. నీకు చక్కెర ఎక్కువేసింది."

"ఆడ పెట్టండి సార్. దొరికింది."

"ఏంది?"

"తప్పు దొరికింది. కూర్చోని స్టార్ట్ చెయ్యండి. ఎర్రలైటు చూడండి."

"వెలగతా ఉండాది! జియా, రేస్ ఇచ్చినా ఆరలేదు!"

"డైనమో నుంచి వచ్చే తీగ సార్. నట్టు లూజు. అదురుకు తగిలితే తగిలినట్టు, లేకుంటే లేదు. అందుకే ఇందాక కనపడలేదు."

"అంటే ఆ పొద్దు కూడా..."

"ఆ పొద్దూ ఇదే అయ్యుంటాది. బిగించింది నేనే. సరిగ్గా బిగించలేదు. తప్పు నాది సార్."

"నీదా?"

"నాదే. స్టేషన్లో అయినా చెప్తా, బజార్లో నలుగురి ముందరైనా చెప్తా. పాప లైట్లు వేసే ఉంటాది."

"కాంతా! కాంతా, ఇట్లా విను! మన బిడ్డ..."

"ఏందండీ?"

"...ఉండు, ఒక్క నిమిషం. ఇంజను ఆపేసినా జియా, రోంత పక్కకు జరుగు, ఆ నట్టు చూస్తా."

"ఎందుకు సార్? మీరు ముట్టుకోవద్దు, చేతులు నల్లగైతాయి."

"జరగప్పా. ఇంజనంతా దుమ్ము. ఈ నట్టు చుట్టూ దుమ్మే. నట్టు కింద మాత్రం ఇత్తడి మెరస్తా ఉండాది."

"లోపల దుమ్ము పట్టదు సార్."

"లూజుగా ఉంటే ఏడాదికి నల్లబడదా? ఇది ఈ పొద్దు దాకా గట్టిగా బిగిసే ఉండాది. నా మొగం చూసి చెప్పు. నేను లోపలికి పోయినప్పుడు విప్పినావా?"

"కాఫీ చల్లారతా ఉంది సార్."

"జియా."

"ఎవరిదో ఒకరిది తప్పుంటేనే గదా మీరు నిద్రపోయేది? నాదే అనుకోండి. నాకేం కాదు."

"ఏం కాదా? నీకు షాపుండాది. పెండ్లాం బిడ్డలుండారు. తేజస్విని చావుకు నువ్వే కారణమని ఊరంతా అంటే, రేపు నీ తావకి ఎవురు బండి తెస్తారు?"

"తెచ్చేవాళ్ళు తెస్తారు."

"బిగించు."

"సార్, అమ్మకైనా నా తప్పని చెప్పి..."

"నట్టు బిగించు జియా."

"ఏమండీ, పిలిచినారు గదా? బండిలో ఏమన్నా దొరికిందా?"

"లేదు కాంతా. బండి బాగుండాది. మన బిడ్డే లైట్లు వెయ్యడం మర్చిపోయింది."