పైపులో గుడగుడ

కొత్తగా పెళ్ళయిన అల్లుడు అత్తవారింటి వెనక వరండాలో గోడవైపు తిరిగి పైపు పీలుస్తుండగా మామగారు వచ్చారు.

"ఏమిటా గుడగుడ, అల్లుడుగారూ?"

"కడుపండీ, మామయ్యగారూ. మధ్యాహ్నం కాస్త ఎక్కువ తిన్నాను."

"కడుపులోంచి పొగ కూడా వస్తోందే!"

"క్షమించండి, ఇప్పుడే ఆర్పేస్తాను."

"ఆర్పకండి. పొగాకు తడిగా ఉన్నట్టుంది. పైగా ఎవరో తరుముతున్నట్టు గబగబా పీలుస్తున్నారు. అలాగైతే గొట్టంలో నీరు చేరక ఏమవుతుంది? ఇటివ్వండి."

"మీ జేబులో ఆ దూదిపుల్ల ఎందుకండీ?"

"చెవి దురదకి."

"ఇంత పొడుగ్గానా?"

"మీకు పైపు బాగుపడాలా, ప్రశ్నలు కావాలా? ఇదిగో, దీన్ని గొట్టంలో చివరిదాకా దూర్చి తీస్తే తడంతా పీల్చేస్తుంది. తర్వాత ఇలా, నిదానంగా లాగాలి. చూశారా, చప్పుడే లేదు!"

"అద్భుతమండీ! ఇక ఇలా ఇవ్వండి."

"ఉండండి, ఇంకా పూర్తిగా ఆరలేదు."

"పావుగంట నుంచీ మీరే ఆరబెడుతున్నారండీ. అయ్యో, అత్తయ్యగారు ఇటే వస్తున్నారు!"

"అయితే పట్టుకోండి, త్వరగా! మీరు కొత్తల్లుడు, మిమ్మల్ని పల్లెత్తు మాట అనదు. నేను ఈ ఇంట్లో పాతబడిపోయి ముప్ఫయ్యేళ్ళయింది."