చందమామకు మాస్కు కట్టిన లస్మయ్య

కరోనాకు మూతపడ్డ సాంచాలు, అంటే మరమగ్గాలు, దీపావళి దాటాక మళ్లీ పూర్తిగా నడవసాగాయి. పగటి షిఫ్టులో ఒక్క జాగే ఖాళీ. రాత్రి షిఫ్టు చేసి, పగలు రేకుల గదిలో నిద్రపట్టక అల్లాడే లస్మయ్యకు దాని మీదే ఆశ. అందుకే మగ్గాల పేట ఖటోదరాలో ఐలమ్మ చాయ్ బండి దగ్గర, షిఫ్టులు రాసే గోపాల్ మాస్టర్ ఎదుట మాస్కు గడ్డం కిందికి లాగి తన గొప్పలు మొదలుపెట్టాడు.

"జర ఇనుర్రి. సాంచాలు బందైనంక ఊకె కూసోబుద్ధిగాక డుమస్ సముద్రం దాకా నడిచిన. చీకటి పడ్డది. నీళ్లల్ల కాలు పెడితే మిలమిల మెరుస్తున్నయి. లోటాల ముంచి చూస్తే, దూది నలుసులంత పురుగులు! చదువుకున్నోళ్లు ప్లవకాలంటరట. పగలు అడుగుకు పోయి పంటయి, చీకటైతే మేతకు మీదికొస్తయి."

"గంతేనా?" అంది ఐలమ్మ.

"గంతే అయితే నేనెందుకు చెప్తనవ్వా? అన్నీ ఒక్కపారే వచ్చి తొక్కులాడుతున్నయి. షిఫ్టులు తెల్వయా మీకు అని ఒక్క కేకేసిన. లైను కట్టినయి. పేరుపేరున హాజరు పిలిచిన."

"పురుగులకు పేర్లా?"

"సగం లింగవ్వలే! వానకాలంల తాపీ నది బురద తెచ్చి పోసింది. ఆ బలానికి ఒక్కోటి వెయ్యయింది. నీళ్లు అంబలి లెక్క చిక్కబడితే జనం మీదికెళ్లి నడిచిర్రు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పున్నమి నాడు ఒక్కటి మీదికి రాలే! వెలుతురుల చేపలు పట్టి తింటయని భయం. నాకు తిక్క లేసింది. నూరు మీటర్ల బట్ట తాను భుజానేసుకొని, తాడిచెట్టెక్కి, చందమామకు మాస్కు కట్టిన! చీకటైంది. అన్నీ ఒక్కపారే లేస్తే సముద్రం పొంగి తాపీ ఎనుకకు మర్రింది! సముద్రాన్నే నడిపినోన్ని, నాకు పగటి షిఫ్టు రాయరాదే మాస్టర్?"

గోపాల్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అయితే సాంచాలు బందున్న ఆర్నెల్లు రాత్రిళ్లు కన్ను మూయలేదా?"

"రెప్ప వాల్చలే! నా పానం తోడు."

"గసొంటోన్ని పగలు వాడి ఖరాబు చేసుడెందుకు? నీకు రాత్రి షిఫ్టే." గోపాల్ పుస్తకం తీసి రాసేశాడు.

లస్మయ్యకు ఏడుపొక్కటే తక్కువ. "అన్నా, అన్నా, అంతా కోతనే! తొమ్మిది కొట్టంగనే గురక పెడ్త!"

ఐలమ్మ పొయ్యి మీది గిన్నె దించుతూ అంది. "పైలం మాస్టర్, షెడ్డు లైట్లకు మాస్కులు కట్టి పంటడు!"