బూచాడు ఊ కొట్టిన కథ

నూకరత్నం ఉంది చూడండి, మనిషి మంచిదే గానీ విసుగొస్తే నోరు ఆగదు. ఆవిడకి మంగ అని ఒక్కగానొక్క కూతురు, ఆ పిల్లకి నిద్దరంటే పడదు. దీపాలెట్టేసరికి ఊళ్లో పిల్లలంతా పడుకుంటే ఇది మాత్రం మంచమెక్కి గెంతేదంట. అందరమ్మల్లాగే నూకరత్నం కూడా, అదిగో బూచాడొస్తన్నాడు, పడుకో, అనేది. వాడు నిజంగానే వచ్చేవోడు, గొడ్లసావిడి పక్కన సంచి పట్టుకుని నిలబడేవోడు అనుకోండి. నిలబడి ఊరికే ఎళ్లిపోయేవోడు. ఎందుకంటే ఇంట్లోవాళ్లు నోటితో ఇచ్చేశాం అంటేనే పిల్లని తీసుకెళ్లాలి, దొంగతనం వాడికి చేతకాదు. ఏమైందంటే, ఒకరోజు నూకరత్నం పొద్దస్తమానం కలుపు తీసొచ్చింది, నడుం పడిపోయింది. కలుపంటే గుర్తొచ్చింది, మా చేలో కూడా కలుపు బాగా పెరిగింది, రేపు మీరంతా వచ్చి తీసేస్తారు గదా, ఊ కొట్టండి మరి, ఊ కొట్టకపోతే నాకు కథ నడవదు. ఆఁ, అదీ. ఆ అలుపులో పిల్ల గెంతుతుంటే ఒళ్లు మండి, "ఒరే బూచాడా, దీన్ని నీకిచ్చేశాను, పట్టుకుపో" అనేసిందంట.

అనడమే ఆలస్యం, వాడు లోపలికొచ్చి సంచి మూతి విప్పేడు. నూకరత్నం పిల్లని వాటేసుకుని ఏడుపు. విసుగులో నోటికొచ్చింది అన్నాను నాయనా, ఇది నా ప్రాణం, దీన్నొదిలెయ్ అంది. వాడేమో, "విసుగులో అన్నావో ఎందుకన్నావో నేను చూడనమ్మా. మాటంటే మాటే" అన్నాడు. అప్పుడు మూల కూచున్న అత్తగారు కాసులమ్మ కదిలింది. సరేలే నాయనా, తీసుకుపో, కాకపోతే పిల్లకో కథ చెప్తానన్నాను, అదయ్యాక తీసుకుపో, అందాకా నువ్వూ కూచో, మా ఇంట్లో కథ వినేవోళ్లు ఊ కొట్టాలి, అంది. వాడు సంచి ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. పాపం, ఊళ్లో అందరూ వాడి పేరు చెప్పి పిల్లల్ని పడుకోబెట్టినోళ్లే గానీ వాణ్ణి కూచోబెట్టి ఓ కథ చెప్పినోళ్లు లేరు.

కాసులమ్మ మొదలెట్టింది. అనగనగా ఓ రాజుగారి మీసంలో పిచ్చుక గూడు పెట్టిందంట. ఊ, అన్నాడు వాడు. గుడ్లు కూడా పెట్టిందంట. ఊ. తుమ్మితే గుడ్లు పడిపోతాయని రాజు తుమ్ము ఆపుకున్నాడంట. ఊ, ఊ. ఆపుకుని ఆపుకుని కళ్లు ఎర్రబడిపోయాయంట. ఊ అంటూ వాడు ముందుకి జరిగేడు, నోరు తెరుచుకుపోయింది. కాసులమ్మ గొంతు మార్చలేదు, ఆ వరసలోనే, మా మంగనొదిలేసి ఆ సంచి నాకిచ్చేసి ఎళ్లిపోతావు గదా నాయనా, అంది. వాడు ఊ అన్నాడు.

అన్నాక తెలిసింది. అది కథకి కొట్టిన ఊ అవ్వా, ఒప్పుకున్న ఊ కాదు, అని గోల పెట్టేడు. కాసులమ్మ చెయ్యి చాపి, "దేనికి కొట్టేవో నేను చూడను నాయనా. మాటంటే మాటే" అంది. వాడు సంచి ఇచ్చేసి లేచేడు. గడప దగ్గర ఆగి, ఇంతకీ రాజు తుమ్మేడా అని అడిగేడంట. రేపు రా చెప్తాను అంది ముసలమ్మ. వాడు రేపూ వచ్చేడు, ఎల్లుండీ వచ్చేడు. సంచిలో కాసులమ్మ పిడకలు పోసుకుంది.

అప్పట్నించి మా ఊళ్లో ఆడోళ్లు బూచాడొస్తన్నాడు అంటారు గానీ ఇచ్చేశాను అని మాత్రం అనరు. అదీ సంగతి. ఇంక లేవండి, తొందరగా పడుకోండి, పొద్దున్నే కొడవళ్లు పట్టుకుని మా చేలోకి రావాలి. అలా చూస్తారేంటి, అందరూ ఊ కొట్టేరు గదా. నా కథ రాసుకుపోదామని పట్నం నించొచ్చిన ఆ అయ్యగారైతే అందరికంటే గట్టిగా కొట్టేరు.