మీటరు బాబాయ్ సిక్స్‌టీన్‌కే టీవీ

మీటరు బాబాయ్ గొంతు సవరించుకున్నాడంటే టీ పిన్ని రెండో గిన్నె పాలు పొయ్యి మీదికి ఎక్కించేది. మొదటి గిన్నె ఆయన కథలో సగానికి కూడా చాలదని ఆమె అనుభవం.

ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివిన మనిషి ఆయన. ఉద్యోగంలో ఉన్నంత కాలం అంకెలను ఉన్నవి ఉన్నట్టు రాయవలసి వచ్చింది. ఆ నిగ్రహం మీద కసి తీర్చుకుంటున్నాడో ఏమో, ఉద్యోగం దిగిపోయిన నాటి నుంచి ఏ అంకెనూ దాని చోట దాన్ని ఉండనివ్వడు. ఆయనకు జ్వరం వస్తే థర్మామీటరు పగలవలసిందే. ఆయన ఎక్కిన బస్సు బ్రేకులు తెగవలసిందే. వినేవాళ్ళు నమ్మేవారని కాదు. ఎదురు చెప్పడానికి పట్టే సేపు కన్నా వినడానికి పట్టే సేపే తక్కువని ఊరుకునేవారు.

ఆ మధ్యాహ్నం మూడు దాటాక దర్జీ తన కొట్టు దిగి టీ కొట్టుకు వచ్చాడు. చంకలో కొలతల పుస్తకం, జేబులో కూతురు రాసిచ్చిన చీటీ. నాలుగు లోపల టీవీ షాపుకు ఫోన్ చేసి అవునో కాదో చెప్పాలి. ఉన్నది ఒక్కటే సెట్టు, ఇంకొకరు అడుగుతున్నారు, నాలుగు దాటితే వాళ్ళకు ఇచ్చేస్తామన్నారు.

దర్జీ కూతురు ఊరి జట్టు తరఫున వీడియో గేములో ఫుట్‌బాల్ ఆడుతుంది. ఆదివారం పోటీ. ఇంట్లో ఉన్న టీవీకి బద్ధకం. పిల్ల బటన్ నొక్కిన తర్వాత, అది ఆ సంగతి ఆలోచించుకుని, అప్పుడు బొమ్మను కదుపుతుంది. ఈలోగా అవతలివాడు గోలు కొట్టి చేతులు దులుపుకుంటాడు. వారంలోగా ఆట కుదుటపడకపోతే నీ బదులు ఇంకొకరిని దింపుతానని జట్టు నాయకురాలు ముఖం మీదే చెప్పింది. ఆ పిల్ల ఏడవలేదు. చీటీ రాసి తండ్రి చేతిలో పెట్టింది: "ఫోర్‌కే. నూటఇరవై హెర్ట్జ్. గేమ్ మోడ్ ఉండాలి. ఎయిట్‌కే వద్దు. ఎవరు చెప్పినా వద్దు." చివరి మాట కింద రెండు గీతలు.

ఆ రెండు గీతలూ తన కోసమేనని దర్జీకి తెలుసు. ఎదుటి మనిషి భుజం చూసి పావు అంగుళం తేడా పట్టగలవాడు, తన పనికి వచ్చేసరికి పదిమందిని అడగనిదే గొడుగు కూడా కొనలేడు. అందుకే చీటీని బల్ల మీద టీ తాగుతున్న వైండింగ్ మేస్త్రీకి చూపించబోయాడు. మోటార్లకు తీగ చుట్టే మనిషి, కాస్త తెలిసినవాడు. కాని చీటీ మేస్త్రీ చేతికి అందక ముందే మీటరు బాబాయ్ చెయ్యి మధ్యలో దూరింది.

"ఫోర్‌కేనా?" అన్నాడు బాబాయ్, చొక్కా మీద పాకుతున్న పురుగును చూపించినట్టు. "తమ్ముడూ, ఫోర్‌కే వార్తలు చూసేవాళ్ళకి. ఆటలకి పనికిరాదు. ఎవరు రాశారిది?"

"మా అమ్మాయి. మన వీడియో గేము పెట్టె టీవీకి పంపించేదే ఫోర్‌కే అంది బాబాయ్. అంతకు మించిన తెర కొంటే పొట్టి మనిషికి నిలువుటంగీ తొడిగినట్టేనంది. ఫోర్‌కే, ఎయిట్‌కే అనే ఈ తెర చుక్కల లెక్క కన్నా, నొక్కగానే కదలడం ముఖ్యమంట."

"చిన్నపిల్ల, దానికేం తెలుసు! నేను టీవీ కొన్న కథ నీకు చెప్పలేదు కదూ?"

"మొదలైంది," అంది టీ పిన్ని, గిన్నె ఎక్కిస్తూ.

"నువ్వుండు పిన్నీ. విను తమ్ముడూ. నేనేమీ గొప్పలకు పోయి షాపుకు వెళ్ళలేదు, మామూలుగానే వెళ్ళాను, మామూలు చెప్పులేసుకుని. అక్కడి కుర్రమేనేజరు సెవెన్ ట్వంటీ టీవీ పెట్టాడు. బాబూ, నాది మీటర్లు చదివిన కన్ను, చీకటి గదుల్లో, బూజు పట్టిన అద్దాల వెనకాల, తిరుగుతున్న చక్రం మీద అంకె చదివిన కన్ను, నాకు ఇందులో చుక్కలు విడివిడిగా కనబడుతున్నాయి, తీసెయ్ అన్నాను. టెన్ ఎయిటీ పెట్టాడు. గుమ్మం దాకా వెనక్కి నడిచాను. కనబడుతున్నాయి! రోడ్డు దాటి అవతలి మెట్ల మీద నుంచుని చూశాను. అక్కణ్ణుంచి కూడా చుక్కలే! ఫోర్‌కే పెట్టాడు. అప్పుడు నేనేం చేశానో తెలుసా?"

"రోడ్డు మళ్ళీ దాటారు," అన్నాడు మేస్త్రీ.

"కళ్ళజోడు తీసేశాను. తీసేసి చూసినా కనబడ్డాయి!"

మేస్త్రీ టీ గ్లాసులోకి నవ్వాడు. దర్జీ నవ్వలేదు. అతని బుద్ధి చీటీ మీద ఉంది. అబద్ధమని తెలిసిన మాట కూడా పదిసార్లు గట్టిగా వింటే అతనికి మనసు మెత్తబడేది. అదే అతని జబ్బు. ఫోర్‌కేలో నిజంగానే చుక్కలు కనబడితే? ఆదివారం నాడు పిల్ల ఓడి వస్తే?

"ఎయిట్‌కే తెప్పించారు," బాబాయ్ సాగించాడు. "గోదాములోంచి, దుప్పట్లు కప్పి, నలుగురు మోసుకొచ్చారు. నేను చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పొద్దున పదింటికి మొదలుపెడితే భోజనాల వేళకు అయిపోయింది. మూడు కోట్ల చిల్లర. పదకొండు తక్కువొచ్చాయి! మేనేజరు నమ్మలేదు. కంపెనీ ఇంజనీరును పిలిపించాడు. ఆయన యంత్రం పెట్టి చూశాడు. చూసి నా చెయ్యి పట్టుకుని, అయ్యా, తమరు ఇంతకాలం ఎక్కడున్నారు అని ఏడిచాడు."

"పాపం," అంది పిన్ని.

"ఏడ్చి ఊరుకున్నాడా? ఊరుకోలేదు! వెనక్కి వెళ్ళి నా ఒక్కడి కోసం సిక్స్‌టీన్‌కే చేయించాడు. లోకంలో రెండోది లేదు. అది మా వీధిలోకి వచ్చిన రోజున మలుపు తిరగడానికి లారీకి చోటు చాలక రెండు ప్రహరీలు తీయించి మళ్ళీ కట్టించారు. మందం చూస్తే మాత్రం నా చిటికెన వేలి గోరంత! గోడకు అతికించిన కాగితమనుకో. స్విచ్చి వేశాను. వీధి దీపాలన్నీ ఒక్కసారి తలొంచుకున్నాయి."

"కరెంటు వాళ్ళు రాలేదా?" మేస్త్రీ అడిగాడు.

"వచ్చారు. మీటరు చూసి దణ్ణం పెట్టి వెళ్ళారు. ఇక ఆట సంగతి విను. ఫుట్‌బాలే, మీ అమ్మాయి ఆడేదే. మొదటి రోజు బంతి మీద కుట్లు కనబడ్డాయి. నువ్వు దర్జీవి, చెబితే నీకు అర్థమవుతుంది: ఒక కుట్టు వదిలేసి ఉంది! రెండో రోజు చూస్తే, గ్యాలరీలో చివరి వరసలో కూర్చున్నాయన పేపరు చదువుతున్నాడు. నేను కూడా చదివాను, మొదటి పేజీ అంతా. ఆయన పేజీ తిప్పడేమిటని విసుక్కున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? విసుక్కోవడం విని ఆయన పేజీ తిప్పాడు!"

"విన్నాడా!"

"వినడమేమిటి పిన్నీ, సారీ చెప్పాడు. కార్ల పందెం పెడితే హాలంతా దుమ్ము. మీ పిన్ని, అంటే మా ఆవిడ, రోజుకు రెండుసార్లు చీపురు పట్టేది. మంచు కొండల ఆట ఆడి నాకు జలుబు చేసింది, డాక్టరు మందు రాసిచ్చాడు, చీటీ ఇప్పటికీ ఉంది. ఒకసారి ఫైనల్ మధ్యలో మంచినీళ్ళకని లేచాను. రిఫరీ విజిలేసి, తెరలోంచి వేలు చూపించి, ఎక్కడికి అన్నాడు. దాహమండీ అన్నాను. ఎర్ర కార్డు చూపించాడు! ఏంచేస్తాను, వరండాలో కూర్చున్నాను ఆట అయ్యేదాకా, నా ఇంట్లో నేను!"

ఈసారి టీ కొట్టు పందిరి కింద అందరూ నవ్వారు. నవ్వు తనకు దక్కిన గౌరవమనుకుని బాబాయ్ ఇంకొంచెం ఎదిగి కూర్చున్నాడు. దర్జీ గోడ గడియారం చూశాడు. నాలుగుకు పన్నెండు నిమిషాలు.

"మరైతే నన్నేం చెయ్యమంటారు బాబాయ్?"

"వదిలెయ్ ఆ ఫోర్‌కేని. ఆర్నెల్లు ఆగు. నేను ఆ ఇంజనీరుకు ఒక్క ఉత్తరం ముక్క రాస్తే నీకూ ఒకటి చేస్తాడు."

"ఆదివారం పోటీ అండీ."

"పోటీలు ఎన్ని రావు! ఆడపిల్ల, నాలుగు రోజులు అలుగుతుంది, మర్చిపోతుంది. ఇదిగో, ఫోన్ చేసి అక్కర్లేదని చెప్పు. నేను చెప్పానని చెప్పు, షాపువాళ్ళే నిన్ను మెచ్చుకుంటారు."

సిగ్గుచేటైన సంగతి అయినా చెప్పక తప్పదు: దర్జీ ఫోన్ బయటికి తీశాడు. ముప్పై ఏళ్ళుగా గట్టిగా మాట్లాడేవాళ్ళ ముందు మెత్తగా తలూపి బతికిన మనిషికి, బొటనవేలు దానంతట అదే షాపు నంబరు మీదికి పోయింది.

"ఉండు," అన్నాడు బాబాయ్, ఉదారంగా. "ఉత్తరంలో రాయాలి కదా, మీ గోడ ఎంత?"

టీవీ పెట్టే గోడను భార్య కొలిచి పుస్తకంలో రాసింది. దర్జీ ఫోన్ బల్ల మీద పెట్టి పుస్తకం తెరిచాడు. ఆ పుస్తకంలో రెండు చేతిరాతలు ఉంటాయి. చొక్కాలూ ప్యాంట్లూ అతను రాస్తాడు. ఇళ్ళకు వెళ్ళి తీసుకునే కొలతలు, అంటే కర్టెన్లు, దిండు గలీబులు, సోఫా తొడుగులు, అతని భార్య రాస్తుంది. ఆమె రాసిన అంకెలను చూసి అతను గుడ్డ కత్తిరిస్తాడు. ఎవరివని చూసుకునే అలవాటు లేదు. గోడ కొలత కోసం భార్య రాతలో పేజీలు తిప్పుతూ, ఒక పేజీ దగ్గర అతని వేలు ఆగిపోయింది.

అతను చదివాడు. మళ్ళీ చదివాడు. కొలతను రెండుసార్లు చూడనిదే కత్తెర పెట్టని మనిషి.

"బాబాయ్," అన్నాడు నెమ్మదిగా, "ఆ సిక్స్‌టీన్‌కే మీ ఇంటికి వచ్చి ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు నిండాయి."

"దాంతోపాటు పాత టీవీ ఏమైనా ఉందా? లోపలి గదిలో గానీ?"

"నా ఇంట్లోనా!" బాబాయ్ పకపకా నవ్వాడు. "దాని పక్కన ఇంకో టీవీ పెడితే అది సిగ్గుతో పగిలి చావదూ? ఒక్కటే తమ్ముడూ. ఇల్లంతా వెతుక్కో, ఒక్కటే."

"ఒక్కటే," అన్నాడు దర్జీ. తర్వాత అతను పుస్తకాన్ని వెలుతురుకు తిప్పి, కొట్టులో గిరాకీకి కొలత చదివి వినిపించే గొంతుతోనే, హెచ్చూ తగ్గూ లేకుండా చదివాడు. "పోయిన నెల ఎనిమిదో తారీకు. మీటరు బాబాయ్ గారి ఇల్లు. పిన్నిగారు చెప్పినది. టీవీకి తొడుగు ఒకటి, పువ్వుల గుడ్డ. వెడల్పు ఇరవై నాలుగు. ఎత్తు పంతొమ్మిది. లోతు ఇరవై."

"లోతు ఎంతా?" అన్నాడు మేస్త్రీ.

"ఇరవై అంగుళాలు. కింద ఇంకా రాసింది: వెనకాల ఉబ్బిన బొడ్డు దగ్గర కుచ్చులు పెట్టాలి. యాంటెన్నా తీగకు చిల్లు ఒకటి. ముందు వైపు పైకెత్తేలా రెక్క."

టీ పిన్ని గరిటె గిన్నెలోనే వదిలేసింది. మేస్త్రీ గ్లాసు బల్ల మీద పెట్టి, తన చేతులు రెండూ ఇరవై అంగుళాల ఎడంగా పట్టుకుని, ఆ ఖాళీని, తర్వాత బాబాయ్ చిటికెన వేలి గోరును, మార్చి మార్చి చూశాడు.

"అదేంటంటే," అన్నాడు బాబాయ్, "అది... మా ఆవిడ కుట్టుమిషన్‌కి."

"టీవీ అని ఉంది బాబాయ్. కుట్టుమిషన్‌కు యాంటెన్నా ఉండదు."

"మూడు కోట్ల చుక్కలూ ఆ పాత డబ్బా టీవీ బొడ్డులోనే ఉండి ఉంటాయి దర్జీ," అన్నాడు మేస్త్రీ. "లెక్కపెట్టలేదా మీ ఆవిడ?"

అప్పుడు పుట్టిన నవ్వుకు పందిరి రేకులు కదిలాయని చెబితే అదీ కోతలు కొయ్యడమే అవుతుంది గనుక చెప్పను. టీ పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకున్నదన్నది మాత్రం నిజం. బాబాయ్ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. గాలి తీసేసిన వస్తువు ఎలా ఉంటుందో అలా ఉన్నాడు.

దర్జీ నవ్వలేదు. నాలుగుకు ఏడు నిమిషాలు. ఫోన్ తీసి నంబరు నొక్కాడు. బొటనవేలు ఇప్పుడు అతను చెప్పిన చోటికే పోయింది.

"హలో, దర్జీనండీ. ఆ ఫోర్‌కే మాకే ఉంచండి. ఔను, నూటఇరవైదే. గేమ్ మోడ్ ఉందని చెప్పారుగా, నేను వచ్చి చూసే కట్టించుకుంటాను." అవతలివాళ్ళు ఏదో అడిగితే, "ఎయిట్‌కేనా? వద్దండీ. మా అమ్మాయి వద్దంది," అన్నాడు. ఆ మాట అంటూ పందిరి కింద ఎవరి ముఖమూ చూడలేదు. చూడవలసిన అవసరం అతనికి తోచలేదు.

గ్లాసు బల్ల మీద పెట్టి, చీటీని మడిచి జేబులో పెట్టుకుని, అతను రోడ్డు మీదికి దిగాడు. నాలుగడుగులు వేశాక వెనకనుంచి బాబాయ్ పిలిచాడు. గొంతు బాగా తగ్గింది.

"తమ్ముడూ... ఆ తొడుగు ముందు రెక్క పైకెత్తితే నిలవడం లేదు. వార్తల మధ్యలో జారి పడిపోతోంది. రెండు గుండీలు కుట్టి పెడతావా?"

ఆ మధ్యాహ్నమంతటిలో ఆయన నోటి నుంచి వెలువడిన నిజం అదొక్కటే. దర్జీ దానికి ఇవ్వవలసిన మర్యాద ఇచ్చాడు.

"రేపు పంపించండి బాబాయ్, కుట్టేస్తాను," అని చెప్పి, టీవీ షాపు దారిన గబగబా నడిచాడు.