గట్టిగా ఎత్తిన పాట

హుకుంపేట దాటి కొండెక్కితే వచ్చే పల్లెలో, ఒక ఆదివారం పొద్దున. సంఘపెద్ద సుక్రు తెల్ల చొక్కా తొడుక్కుని తొందరపడుతున్నాడు. పెళ్లాం కనక మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదలనంటోంది.

“మల్లా అడుగుతున్నాను. గిన్ని ఎక్కడెట్టినావు?”

“ఏ గిన్ని?”

“ఏ గిన్నేటి? పెబువు బల్ల గిన్ని. ద్రాచ్చరసం పొయ్యాల. పాస్టరు అయ్యగారు జీపులో వొచ్చేత్తన్నారు. బేగి తే.”

“తేను. నేనివేళ బల్ల ముట్టను. నువ్వూ ముట్టకు.”

“సంఘపెద్దని, నేను ముట్టకపోతే రొట్టి ఎవులు పంచుతారే?”

“ఎవులైనా పంచనీ. ఇదిగో, ఇన్నావా?”

“ఏటి?”

“తలుపు.”

“గాలి.”

“గాలి మూడేమాట్లు కొడతాదేటి? పదకొండు రోజుల్నుంచీ ఇదే. మనం పాటెత్తడం, అది కొట్టడం. నీకు ఇనపడటం నేదా?”

“నేదు.”

“నేదంటావు. మరి పాటెత్తినప్పుడల్లా తలుపేపు సూత్తావెందుకు?”

“ఒలే, పొద్దున్నే ఆ ముసిల్దాని గోల ఎత్తకు.”

“నేనే ముసిల్దాని మాటా ఎత్తనేదు. నువ్వే ఎత్తినావు.”

“యర్రమ్మకి సిల్లంగి ఉందన్నారు, సేతబడి సేత్తాదన్నారు. భీముడి గుంటడు సచ్చిపోయినాడని ఊరంతా ఆమె మీద పడ్డాది. నేనొక్కణ్ని ఏటి సెయ్యగలను?”

“యర్రమ్మకి సిల్లంగా? మన గుంటకి బొడ్డు కోసింది ఆ సేత్తోనే. బాప్తిసం నేకపోయినా వారం వారం మన ప్రార్థన పాకలో కానుక కుండలో పిడికెడు సామలు ఏసేది.”

“తెలుసు.”

“తెలిసీ తలుపు తియ్యనేదు. ఆ వోనలో, నెత్తురు కారతా వొచ్చి కొట్టింది. నేను లెగబోతే నా సెయ్యి పట్టుకున్నావు. ప్రార్థన మద్దిలో లెగకూడదన్నావు.”

“కూడదు మరి.”

“మన తలుపు మీద సిలవ ఉందని గదా వొచ్చింది! నాలుగిళ్లు దాటి మరీ వొచ్చింది. తెల్లారి గెడ్డ నీళ్లలో సవమై దొరికింది.”

“ఆపు కనకా.”

“ఆపను. పొద్దున్నా సందేళా ప్రార్థన సేత్తాం. మద్దిలో రోజంతా ఎవులం మనం?”

“ఎవులమేటి? కల్లు మానినాను. కోడిని కొయ్యడం మానినాను. పండక్కి దింసా ఆడ్డం కూడా మానినాను, అందరూ నవ్వినా.”

“మానినవి సెప్పకు. సేసింది సెప్పు. ఇవేళ అయ్యగారి కాళ్లు పట్టుకుని, తలుపు తియ్యనేదని సెప్పు. ఏడిసి సెప్తే దేవుడు సెమిత్తాడు.”

“తలుపుకైతే సెమిత్తాడు.”

“తలుపుకైతేనా? ఇంకేటుంది?”

“ఏటీ నేదు. గిన్ని తే.”

“ఇంకేటుంది?”

“భీముడి గుంటడి నెత్తి మీద సెయ్యెట్టి మూడ్రోజులు ప్రార్థన సేసినాను గదా.”

“సేసినావు. ఆడు బతకనేదు. దానికి నువ్వేటి సేత్తావు?”

“నీ దేవుడెందుకు పలకనేదని నలుగుర్లో అడిగినాడు భీముడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవులిదో సిల్లంగి ఉంటే ప్రార్థన ఏటి పన్జేత్తాదని అనేసినాను.”

“నువ్వా? నువ్వన్నావా ఆ మాట?”

“ఎవులిదని అడిగినారు.”

“వొద్దు. సెప్పొద్దు.”

“అప్పుడే యర్రమ్మ అటేపు ఎల్తంది. గుంటడు పోయినాడని తెలక, ఆడి జొరానికి ఏదో ఏరు తవ్వి తెచ్చినట్టుంది, సేతిలో ఉంది. ఆమె దాటిపోయినాక... సెయ్యి సూపెట్టినాను.”

“అయ్యో, అయ్యో తండ్రీ!”

“ఆమెకి తెల్దు. నేనే సూపెట్టినానని సచ్చినదాకా తెల్దు.”

“అందుకా ఆ రోజు పాట అంత గట్టిగా ఎత్తినావు? తలుపు సప్పుడు ఇనపడకూడదనా?”

“సప్పుడు నీకెలాగూ ఇనపడ్డాది. ఆమె మాట ఇనపడకూడదని.”

“మాటాడిందా? ఏటన్నాది?”

“ఇను, జీపు వొచ్చేసింది. అయ్యగారు...”

“ఏటన్నాది సుక్రూ? తలుపు తియ్యమన్నాదా?”

“తియ్యమననేదు. ‘బాబూ, నువ్వు బయటికి రానక్కర్నేదు. లోపల్నుంచే, యర్రమ్మ కాదని ఒక్క కేకెయ్యి. నీ మాటైతే ఇంటారు’ అన్నాది.”